అయ్యవారి పాట ఎవరు పాడాలి?

అయ్యవారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను షాపులో ఒక పెళ్ళికూతురి జాకెట్టుకు చేతులు ఎక్కిస్తున్నాను. మాట్లాడింది ఆయన అల్లుడు. "మామ పొద్దున పూజకు కూర్చున్నోడు కూర్చున్నట్టే ఒరిగిపోయినాడన్నా. డాక్టరొచ్చి చూసి, లేదనేసినాడు" అన్నాడు. నేను అంతా విన్నాను. ప్రతి మాటా అర్థమైంది. అర్థమయ్యాక, "సరేప్పా, సాధనకు నాలుగింటికల్లా వచ్చేస్తానని అయ్యవారికి చెప్పు" అన్నాను. అల్లుడు "సరేన్నా, చెప్తా" అన్నాడు. పాపం, ఆ అబ్బాయి మాత్రం ఏమంటాడు.

ఫోన్ పెట్టేసి మళ్ళీ మిషను తొక్కాను. కుట్టడం అయ్యాక చూస్తే రెండు చేతులూ తిరగబడి ఉన్నాయి. నలభై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, నేర్చుకునే రోజుల్లో కూడా అట్లాంటి తప్పు చేయలేదు. అప్పుడు లేచాను. లేచి, స్కూటరు మీద ముందర హార్మోనియం పెట్టుకుని బయలుదేరాను. చావు జరిగిన ఇంటికి హార్మోనియం మోసుకుపోయినవాణ్ణి ఈ తిరుపతి మొత్తానికి నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఆ ఇంటికి అది లేకుండా ఎట్లా వెళ్ళాలో నాకు తెలియదు, అంతే.

వాకిట్లో జనం నన్ను చూశారు, పెట్టెను చూశారు. లోపలికి వెళ్ళాలా, బయటే నిలబడాలా, చెప్పులు ఎక్కడ విడవాలి, ఏదీ తోచలేదు. బంధువుల్లో ఒక పెద్దాయన వచ్చి, "మీరు ఆయనకు ఏమవుతారు?" అని మర్యాదగానే అడిగారు. శిష్యుణ్ణి అనబోయాను. అది నిజమే గానీ చాలదు. స్నేహితుణ్ణి అందామంటే ఆయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, జీవితంలో ఒక్కసారి కూడా ఆయన ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చోలేదు. "మేమిద్దరం పాడతామండీ" అన్నాను. పెద్దాయన ఏమనుకున్నారో తల ఊపి పక్కకు జరిగారు. అయ్యవారి భార్య, నేను అమ్మ అని పిలిచే ఆవిడ, ఆ ఏడుపులోనే నన్ను చూసి, "దాన్ని ఎండలో పెట్టొద్దప్పా, లోపల పెట్టు" అంది. పెట్టాను. ఆ తర్వాత ఆ రోజంతా నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది.

తిరుపతి, చిత్తూరు వైపు పెళ్ళిళ్ళకు వెళ్ళే అలవాటు ఉన్నవాళ్ళు మమ్మల్ని ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. మాకు మేము పేరేమీ పెట్టుకోలేదు. జనమే 'నామమూ టోపీ' అన్నారు. నామం ఆయనది, టోపీ నాది. పాట ఎత్తుకునే ముందు అయ్యవారు మైకును ఉత్తరీయంతో మూడుసార్లు తుడిచి, "అమ్మల్లారా, అయ్యల్లారా, ఈయన మీకు టోపీ పెడతాడు, నేను నామం పెడతా. ఇంక మీ దగ్గిర ఏం మిగుల్తాదో చూసుకోండి" అనేవారు. అక్కడికే సగం పందిరి నవ్వేది. ఆ పైన గంటసేపు ఆయన వైష్ణవుల ఇళ్ళను ఆటపట్టిస్తే, నేను సాయిబుల ఇళ్ళను ఆటపట్టించేవాణ్ణి. హార్మోనియం మాత్రం రెండింటికీ ఒకటే.

ఆయన హైస్కూల్లో నాకు తెలుగు చెప్పారు. నేను క్లాసులో కుదురుగా కూర్చోలేక బల్ల మీద దరువు వేస్తుండేవాణ్ణి. వేరే సార్లయితే వీపు మీద దరువు వేసేవాళ్ళు. ఈయన పక్కకు వచ్చి నిలబడి, "ఊరికే కొట్టి ఆ బల్లనెందుకు ఏడిపిస్తావు? నేను పద్యం చదువుతా, దానికి తాళం వెయ్యి, బల్లకన్నా పుణ్యమొస్తాది" అన్నారు. పదో తరగతితో చదువు ఆగిపోయి మా నాయన మిషను మీద కూర్చున్నాను. నాయన కవ్వాలీలకు హార్మోనియం వాయించేవాడు, అదీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అయ్యవారు లాల్చీలు నా దగ్గరే కుట్టించుకునేవారు. జేబు మాత్రం మామూలు కంటే లోతుగా పెట్టమనేవారు, పటికబెల్లం పొట్లం పట్టాలని.

ఆయన కూతురి పెళ్ళిలో వియ్యాలవారిని ఆటపట్టించే పాటలు పాడడానికి మనిషి లేకపోయింది. పాటలు వచ్చిన ముసలమ్మలు పోయారు, ఉన్నవాళ్ళకు మాటలు గుర్తులేవు. సరిగ్గా అప్పుడే నేను కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి వెళ్ళాను. భజనవాళ్ళ హార్మోనియం ఒకటి మూలన ఉంది. "ఒరే, నువ్వు వాయించు, నేనేదో ఒకటి అంటా" అన్నారు. తీరా చూస్తే, వియ్యాలవారిని అనాల్సింది పోయి తన ఇంటివాళ్ళనే అనడం మొదలుపెట్టారు. ఎందుకట్లా అని తర్వాత అడిగితే, "కొత్త వియ్యంకుడికి కోపమొస్తే రేపు నా కూతురు కదరా ఇబ్బంది పడేది. మనోళ్ళనైతే ఏమన్నా అనొచ్చు" అన్నారు. ఆ రోజు పాడిందే మడి పాట. చాలామందికి తెలిసింది అదే.

ఆరేసిన చీర తాకొద్దు, అది ఆరిన దండెం తాకొద్దు
దండెం కట్టిన గోడ పక్కన నీడై కూడా పోవొద్దు
కిటికీలోంచి గాలొచ్చి మా ఆవిడ చెంగు తాకినాదంట
గాలికి కూడా తలస్నానమే మా ఇంట్లో!

ఏ పాటకైనా ఆఖరి చరణం పాడేవాడి మీదే ఉండాలని ఆయన షరతు. అందుకే ఇది, ఇంట్లో ఇంత మడి కట్టే అయ్యోరు ఏకాదశి పూట బస్టాండులో ఎర్రగడ్డ బజ్జీలు, అంటే ఉల్లిపాయ బజ్జీలు, తాకడంతో ముగుస్తుంది. అది కల్పన కాదు. ఆ బజ్జీల్లో సగం నేను తిన్నాను.

ఆయన్ను చూసి నేను కూడా మా ఇళ్ళ మీద కట్టాను. ఉపవాసం ఉన్న మా మామ ఏ వీధిలో ఏం ఉడుకుతోందో వాసన చూసి చెప్పడం, ఇంకా మునగలేదేమని సూర్యుణ్ణే తిట్టడం, మా ఇంటి ఉర్దూలో ముప్పాతిక తెలుగు ఉండడం, ఇట్లాంటివి. శ్రీకాళహస్తిలో ఒక నిఖాలో మా మామ పాట పాడితే మా మామే లేచి వచ్చి నా నోట్లో ఖర్జూరం కుక్కాడు.

నాకు మొదటినుంచీ అర్థం కానిది ఒకటుంది. అయ్యవారు పొద్దున గంటన్నర పూజ చేసేవారు. పాశురం చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి, నేనే చూశాను. అదే మనిషి సాయంత్రం మైకు పట్టుకుని, నైవేద్యం చల్లారిపోతుంటే కళ్ళు మూసుకుని మూకుడు వైపు తిరిగి దండం పెట్టే అయ్యంగారి మీద పాడేవారు. "సార్, పొద్దుటి మీరు నిజమా, సాయంత్రం మీరు నిజమా?" అని ఒకసారి అడిగేశాను. పటికబెల్లం బుగ్గన పెట్టుకుని, "రెండూ నిజమే. ఎవురి దగ్గిర చనువుండాదో వాళ్ళనే గదా ఆట పట్టిస్తాం. చనువు లేనోణ్ణి అంటే అది కొట్లాట" అన్నారు. అప్పటికి సరేననుకున్నాను. పాకాల పెళ్ళి దాకా ఆ మాట లోతు తెలియలేదు.

పాకాలలో ఒక వైష్ణవుల ఇంట పెళ్ళి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా కార్యక్రమం. అయ్యవారికి జలుబు చేసి రెండో పాటకే గొంతు పూర్తిగా పోయింది. "మడి పాట, మడి పాట" అని జనం అడుగుతున్నారు. ఆ పాట నాకు అక్షరం అక్షరం వచ్చు, ఎన్ని వందలసార్లు వాయించానో. పాడేశాను. మొదటి వరుసకు నవ్వారు. రెండో వరుసకు నవ్వు సన్నగిల్లింది. గాలికి తలస్నానం దగ్గరికి వచ్చేసరికి ఒక ముసలాయన లేచి, "మా ఇండ్లల్లో మడి సంగతి నీకెందుకప్పా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు. నా చేతులు హార్మోనియం మెట్ల మీద ఆగిపోయాయి. అయ్యవారు మైకు లాక్కుని, ఆ లేని గొంతుతోనే, "పాట నాది. తిట్టల్లంటే నన్ను తిట్టండి" అన్నారు. ఎవరూ తిట్టలేదు. ఎవరూ నవ్వలేదు కూడా.

తిరుగు బస్సు చంద్రగిరి దాటాక ఆయన, "పాట అదే, వరస అదే. నాకంటే నువ్వే బాగా పాడినావు. అయినా అది ఎక్కిరింపైపోయింది సూడు. నేను పాడితే అది ఇంటి మాట" అన్నారు. ఇంకాసేపటికి, "ఇంక మీద నా పాట నువ్వు పాడొద్దు, నీ పాట నేను పాడను. ఎవురిల్లు వాళ్ళే ఎక్కిరించుకుందాం" అన్నారు. సరేనన్నాను. చేతిలో పటికబెల్లం ముక్క పెట్టారు, నోట్లో వేసుకున్నాను. అయితే నేను ఈ ఇంటివాణ్ణి కానా సార్, అని అడగాలని గొంతు దాకా వచ్చింది. అడగలేదు. ఆ మాట ఆయన నన్ను కాపాడడానికి అన్నారో, దూరం పెట్టడానికి అన్నారో నాకు ఈ రోజుకీ తేలలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు కలిసి పాడాం. గూడూరు దాకా వెళ్ళి పాడాం. ఆ నియమం మాత్రం ఇద్దరం ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. జీవితమంతా పిల్లల చేత రాయించిన తెలుగు అయ్యవారు తన పాట ఒక్కటీ కాగితం మీద పెట్టలేదు. ఫోనులో తీస్తామంటే ఒప్పుకునేవారు కాదు. "ముందర కూర్చున్నోళ్ళ మొకాలు చూసి పాడేది ఇది. ఫోన్లోకెక్కితే యాడ పోయి ఎవురి మొకాన పడతాదో" అనేవారు. అంటే ఆయన పాటలు నలభై దాకా ఆయన నోట్లో ఉండేవి, వాయించినందుకు నా చెవుల్లో ఉండేవి. ఇప్పుడు నా చెవుల్లోనే ఉన్నాయి. పాడనని మాట ఇచ్చినవాడి చెవుల్లో.

పదమూడో రోజు భోజనాలయ్యాక అల్లుడు అందరి ముందూ, "అన్నా, మామ పాట ఒకటి పాడన్నా" అన్నాడు. ఆ రోజున నవ్వుపాట పాడొచ్చా? అసలు ఆయన పాట నేను పాడొచ్చా? పాడితే మాట తప్పినట్టు, పాడకపోతే ఆ పాటను కూడా ఆయనతోపాటే పంపించేసినట్టు. పాడలేనప్పా అన్నాను. అందరూ దుఃఖం వల్లేననుకున్నారు. అమ్మ మాత్రం లోపలి నుంచి వచ్చి, "ఎందుకు పాడలేవు?" అని నిలదీసింది. పాకాల సంగతి, బస్సులో సంగతి అంతా చెప్పాను. అంతా విని, "అది మీ ఇద్దురూ పెట్టుకున్న రూలు. నేను ఈ ఇంటిదాన్నే గదా? నువ్వు మాటలు చెప్పు, నేనంటాను" అంది.

మీకు తెలియాల్సింది ఏమిటంటే, అమ్మ మా పాట ఒక్కరోజు కూడా వినలేదు. సొంత కూతురి పెళ్ళిలో కూడా వంటశాల దగ్గరే ఉండిపోయింది. ఆవిడకు ఈ పాటలంటే గిట్టదనే నేనూ అనుకున్నాను, అయ్యవారూ అనుకున్నారు. వాళ్ళ బంధువుల్లో ఒక పెద్దావిడ, ఇదేం చోద్యమని గొణుక్కుంటూ పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను హార్మోనియం తెరిచి ఒక్కో వరుసా మామూలు మాటల్లా చెప్పాను. అమ్మ దాన్ని రాగంలో అంది. సన్నటి గొంతు, పాశురాల అలవాటు ఉన్న గొంతు. గాలికి తలస్నానం దగ్గర ఆగిపోయింది. "ఇట్లన్నాడా నన్ను?" అంది. నేను తల దించుకున్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరేలా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో, మళ్ళీ ఎక్కడ నవ్వైందో నేను చెప్పలేను. కళ్ళు తుడుచుకుని, "తర్వాత?" అంది.

అప్పటినుంచి ప్రతి గురువారం మధ్యాహ్నం షాపు మూసి వెళ్తున్నాను. నేను చెప్తాను, ఆవిడ నోటు పుస్తకంలో రాసుకుంటుంది. రాసుకుంటూనే తప్పులు పడుతుంది. "అబద్ధం. ఆ రోజు నేను పులిహోర మాడబెట్టలేదు, ఆయనే పొయ్యి పెంచినాడు." అయినా కొట్టేయదు, పాటలో ఉన్నది ఉన్నట్టే రాస్తుంది. ప్రతి పాటలోనూ తన మీద ఏం కట్టాడో అని ముందుగా వెతుక్కుంటుంది. దొరికితే కోప్పడుతుంది. నేను చేస్తున్నది పాట నేర్పడమా, వాళ్ళిద్దరి కొట్లాటకు మధ్యవర్తిత్వమా, తెలియకుండానే పదకొండు పాటలయ్యాయి.

పన్నెండోది చుట్టాల పాట. తిరుపతిలో ఇల్లున్న ఎవరికైనా దాని కష్టం విడమర్చి చెప్పక్కర్లేదు.

కొండ కింద ఇల్లు కట్టినా, నేనే దేవుణ్ణైపోయినా!
ఆయనకేమో దండాలు, నాకేమో ఫోన్లు
ఆయనకేమో ముడుపులు, నాకేమో మూటలు
ఆయన దర్శనం నిమిషం, నా దర్శనం వారం రోజులు!

ఇట్లా ఆరు చరణాలు. టికెట్ల కోసం పరుగులు, లడ్డూల కోసం పరుగులు, రైలు స్టేషనుకు పరుగులు, అన్నీ అయ్యవారివే. అమ్మ రాసుకుంటూ పోయింది. ఆరోది అయ్యాక పేజీ వెనక్కి తిప్పింది, మళ్ళీ ముందుకు తిప్పింది. "అయిపోయిందా?" అంది. అయిపోయిందన్నాను.

"దీంట్లో నేను యాడ ఉండాను?"

నేను చరణాలు వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టాను.

"ముప్పై ఏండ్లు అప్పా. వచ్చినోళ్ళకి వచ్చినట్టు తెల్లారుజామునే లేసి ఉప్మా కలిపింది నేను. నా మడి మీద కట్టినాడు, నా పోపు మీద కట్టినాడు. ఇంత పెద్ద పాట కట్టి దీంట్లో నన్ను మరిచిపోయినాడా?" ఆవిడ గొంతు మారిపోయింది. అయ్యవారు పోయినరోజు కూడా ఆవిడ మొహం అట్లా చూడలేదు నేను. ఎగతాళి చేసినందుకు బాధపడేవాళ్ళను ఎరుగుదును గానీ, చేయనందుకు బాధపడే మనిషిని అదే చూడడం. ఆ క్షణంలో నాకు అయ్యవారి మీద నిజంగా కోపం వచ్చింది.

"ఉందమ్మా, ఒక చరణం మరిచిపోయినా" అన్నాను. లేనిది కల్పించి చెప్పాను. అందరికీ అన్నం పెట్టిన అమ్మ చేతికి మొక్కండి, కొండ దిగి ఆ స్వామే వచ్చి విస్తరి ముందర కూర్చున్నాడు, అని. ఆయన పాటలో నేను వేలు పెట్టడం అదే మొదటిసారి.

ఆవిడ రాయలేదు. పెన్ను పట్టుకుని నా వైపే చూసింది. "ఇది మీ అయ్యోరు కట్టింది కాదు" అంది. "నన్ను అమ్మా గిమ్మా అని మొక్కే మనిషేనా ఆయప్ప? ఆయనైతే ఇట్లనుంటాడు" అని, కిటికీ వైపు చూస్తూ కాసేపు పెదవులు కదిపింది. తర్వాత ఒక్కో మాటా తూకం వేస్తూ చెప్పింది.

ఆ సామికైతే నైవేద్యం చూపించి, తీసి లోపల పెట్టుకుంటా
ఈ సాములకు చూపించినానా, గిన్నె కడిగి బోర్లిస్తా!

అది అచ్చంగా ఆయన విరుపే. ఇన్నేళ్ళూ వంటశాల దగ్గరే ఉండిపోయిన ఈవిడకు అది ఎట్లా పట్టుబడిందో నాకు తెలియదు. అసలు ఆ విరుపు మొదట ఎవరిదో కూడా ఇప్పుడు నాకు తెలియదు.

ఆవిడ తన చరణాన్ని పుస్తకంలో రాసుకుని, పెన్ను మూత పెట్టి, "నాకు గొంతు పట్టుకునింది. ఏదీ, నువ్వు పాడు" అంది.

"నేను పాడకూడదమ్మా, రూలు..."

"రూలు ఆయన పాటకు గదా. ఇది నాది. నా పాట నువ్వు పాడొచ్చు" అని, కాఫీ పెట్టడానికి లేచి లోపలికి వెళ్ళింది.

ఎవరూ లేని ఆ ముందు గదిలో హార్మోనియం దగ్గరికి లాక్కుని, అయ్యవారి ఇంటి పాట గొంతెత్తి పాడాను. రెండో వరుస ముగియకముందే వంటింట్లోంచి కేక వినిపించింది.

"గిన్నె అనేకాడ ఇంకొంచెం లాగల్ల అప్పా!"

లాగాను.